ఆర్పి వెలిగించడం

ఆవిడ చెల్లెలి రక్తం సన్నని గొట్టంలోంచి యంత్రంలోకి పోతోంది, పక్కనే ఇంకో గొట్టంలోంచి తిరిగి వస్తోంది. పోయినదంతా వస్తోందా అని ఆవిడ ఎప్పటిలాగే ఒకసారి చూసుకుంది, చూసుకుని చేసేదేమీ లేదని తెలిసీ చూసుకుంది, ఎందుకంటే పోయినది తిరిగి వస్తుందా అన్న ప్రశ్న తప్ప జీవితమంతా ఆవిడ ఏ యంత్రాన్నీ మరొకటి అడగలేదు. గోడవార ఇనుప బెంచీ, ఒళ్లో లాప్‌టాప్, దాని అడుగు వెచ్చదనం బట్టలోంచి మోకాళ్లకు తగులుతోంది, ఎదురుగా వెనక్కి వాలిన ఎనిమిది కుర్చీలు, వాటిలో ఎనిమిదిమంది, మూత్రపిండాలు చేయవలసిన పనిని యంత్రం చేత చేయించుకుంటున్నవాళ్లు. గోడమీద పెద్ద తెర, ప్రస్తుతానికి నల్లగా ఉంది. ఇంకో గంటలో రెండో షిఫ్టువాళ్లు వస్తారు, ఆలోపు ఎవరికి ఏ కుర్చీ అన్నది ఆ తెరమీద కనిపించాలి, కనిపించడమే కాదు, కనిపించినది నిజం కావాలి. అది ఆవిడ పని. పేజీ కట్టడానికి మూసలాంటి ఫ్రేమ్‌వర్క్ ఎంచుకోవడం అయింది, దాన్ని ఉంచి నడిపే హోస్టింగ్ ఎంచుకోవడం అయింది, ఆ రెండింటికీ చెల్లెలి కొడుకుతో కీచులాడడం కూడా అయింది. మిగిలినది ఒక్కటే, ఆ ఒక్కటీ చేస్తానంటే హెడ్ నర్సు తెల్లబోయింది.

"పనిచేస్తున్నదాన్ని పట్టుకుని ఆపుతానంటారేంటమ్మా?"

"ఆపితేగాని అది పనిచేస్తోందో లేదో తెలియదు."

"ఆ మాట ఈ హాల్లో గట్టిగా అనకండి. ఇక్కడ ఆపి చూసేవేం లేవు."

హెడ్ నర్సు నవ్వలేదు, ఆవిడా నవ్వలేదు, మూడో కుర్చీలో ఉన్న లెక్కల మాస్టారు మాత్రం కళ్లు మూసుకునే నవ్వాడు. షిఫ్టు మారేలోపు తెర వెలగకపోతే మళ్లీ ఫోన్లే, మళ్లీ తెల్లారకముందే వచ్చి తలుపు దగ్గర పడిగాపులే అని చెప్పి నర్సు ఇంకో యంత్రం కూస్తుంటే అటు వెళ్లిపోయింది. ఆమెది తప్పులేదు. కొత్త పేజీ నిన్నటినుంచీ నడుస్తూనే ఉంది, రోగుల ఇళ్లవాళ్లు ఫోన్లలోంచి కుర్చీలు రాసుకుంటూనే ఉన్నారు, నడుస్తున్నది నడుస్తున్నట్టే కనిపిస్తుంది, అక్కడే ఉంది మోసమంతా. బీమా ఆఫీసులో ఆవిడ ప్రోగ్రాములు రాసిన రోజుల్లో, యంత్రాల గదిలో ఎండాకాలం కూడా స్వెట్టరు వేసుకోవలసినంత చలి ఉన్న రోజుల్లో, కొత్త వ్యవస్థ ప్రారంభమైన ప్రతిసారీ పెద్దాఫీసరు పూలగుత్తి పట్టుకుని నిలబడేవాడు, ఆవిడ వెళ్లి మీట దగ్గర నిలబడేది. ఒకసారి తీసేద్దామండీ, మధ్యలో, అందరూ చూస్తుండగా. అందుకే బ్రేకు మేడం అన్నారు, ముందు వెనక, తర్వాత మొహంమీదే. నిండింట్లో దీపం ఆర్పుతానంటారేమిటండీ అన్నాడు ఆ పెద్దాఫీసరు, ఆడమనిషిని ఆ మాటతో నోరుమూయించవచ్చని అతనికెవరో చెప్పినట్టున్నారు. ఆర్పి వెలిగించడం చేతకాని ఇంట్లో దీపమెందుకండీ అంది ఆవిడ. ఆ రోజు మీట తీశారు. పాలసీదారుల చిరునామాలు సగం తిరిగి రాలేదు. పూలగుత్తి బల్లమీద వాడిపోయింది. ఆవిడకు పదోన్నతి రాలేదు, బ్రేకు అన్న పేరు మాత్రం పదవీ విరమణ దాకా వెంట వచ్చింది. ఇప్పుడు తలుచుకుంటే ఆ రెంటిలో మన్నికైనది తనకే దక్కిందని అనిపిస్తుంది.

"ఏంటక్కా, ఇంకా తేలలేదా?" చెల్లెలి గొంతు, కిటికీ పక్క కుర్చీలోంచి, దుప్పటి గడ్డందాకా ఉంది. "నాకు సంబంధం చూడ్డానిక్కూడా మనవాళ్లు ఇంతసేపు తియ్యలేదు."

"అందుకేగా అలా ఏడిసింది ఆ సంబంధం."

"పోయినాయన్ని అనకే," అంది చెల్లెలు నవ్వుతూనే. నవ్వితే సూదులున్న చెయ్యి కదులుతుందని తెలుసు గనక, నవ్వు మెడ దగ్గరే ఆపేసుకుంది.

మెడ దగ్గర ఆపుకోవడం. ఆ ఇంట్లో అది ఆడపిల్లలకు నేర్పిన విద్యల్లో మొదటిది, రెండోది లేవడం. అమ్మా, లే, వాళ్లు కూర్చుంటారు. చుట్టాలు వస్తే లే, అన్నయ్య చదువుకుంటాడు లే, రైల్లో కిటికీ దగ్గర కూర్చున్నావా, తమ్ముడికి గాలి కావాలి లే. ఆవిడ ఒకటి రెండుసార్లు లేవనని కూర్చుంది, వీపు మీద పడింది, అయినా కూర్చుంది, తర్వాత ఆవిడను లెమ్మనడం మానేశారు, మొండిదని పేరు పెట్టి వదిలేశారు. వదిలేసిన వంతంతా చెల్లెలి మీద పడిందని, తాను గెలిచిన ప్రతి కుర్చీకీ ఇంకో కుర్చీలోంచి చిన్నది లేచిందని ఎవరికీ తోచలేదు. చెల్లెలు ఎప్పుడూ చెప్పించుకోలేదు. తలుపు చప్పుడైతే చాలు, లేచేది. ఇప్పటికీ ఎవరు లోపలికి వచ్చినా ఆమె భుజాలు ముందుకు వస్తాయి, శరీరం లేవడానికి సిద్ధమవుతుంది, చెయ్యి కుర్చీ పిడిమీద నొక్కుకుంటుంది. మంచితనం అంటారు దాన్ని, ఎదురుగానే అంటారు, ఆ మంచితనం మీద ఇళ్లు నడుస్తాయి, ఆఫీసులు నడుస్తాయి, ఆ గురువారం ఈ హాలు కూడా నడిచింది.

ఆ గురువారానికి ముందు ఉన్నది పాత పేజీ, చెల్లెలి కొడుకు చేసినది. మూర్ఖుడు కాదు వాడు, పెద్ద కంపెనీలో పెద్ద జీతానికి పెద్ద వ్యవస్థలు కడతాడు, తల్లి కోసం సెలవురోజు కూర్చుని ఈ చిన్నది కట్టాడు, కట్టి ఒక ఉచిత హోస్టింగులో పెట్టాడు. ఉచితం అన్న మాట మీద ఆవిడకున్నది కోపం కాదు, చల్లారిన కోపం, అది ఇంకా గట్టిది. ఉచితంగా ఇచ్చేవాడు ఏదో ఒకటి ఇవ్వకుండా ఉంటాడు, ఏది ఇవ్వలేదో చదివి తెలుసుకోవడమే మన పని. ఆ హోస్టింగువాడు ఇవ్వనిది రాసినది నిలిచి ఉండే డిస్కు. చోటు ఇచ్చాడు, కానీ ఆ చోటు ప్రోగ్రాం మళ్లీ మొదలైనప్పుడల్లా కడిగిన పలకలా మొదటికొస్తుంది, వాడు దాచిపెట్టలేదు, చిన్న అక్షరాలతో రాసే ఉంచాడు. పిల్లవాడు కుర్చీల వివరాలున్న డేటాబేసును ఆ చోటులోనే పెట్టాడు. నీటిమీద రాత. నీళ్లు కదలనంతకాలం రాత బాగానే కనిపించింది. ఎవరూ చూడకపోతే పేజీ నిద్రపోతుందని, నిద్రపోతే లేవడానికి ఆలస్యమని, దాన్ని పదేపదే తట్టి లేపే చిన్న ఏర్పాటు కూడా చేశాడు, దాంతో అది నిద్రపోలేదు, నిద్రపోలేదు గనక మళ్లీ మొదలవలేదు, మళ్లీ మొదలవలేదు గనక ఏమీ పోలేదు, నెలల తరబడి అందరూ మెచ్చుకున్నారు, ఆవిడ కూడా మెచ్చుకుంది, ఆ విషయం ఆవిడ మరిచిపోదు. ఆ తర్వాత హెడ్ నర్సు అడిగింది, బాబూ, పేరు రాసుకునే ఆ ఆకుపచ్చ మీట ఎండలో ఫోన్లో కనిపించడం లేదు, రంగు మార్చవా అని. వాడు ఆఫీసుకు వెళ్తూ బస్సులోనే మార్చాడు. ఆకుపచ్చ నారింజ అయింది. డిప్లాయ్ అన్నాడు, మార్చిన కోడ్‌ను హోస్టింగులోకి పంపాడు. పేజీ మళ్లీ మొదలైంది. పలక కడుక్కుపోయింది.

ఖాళీగా కనిపించినా బాగుండేది. ఖాళీని మనుషులు అనుమానిస్తారు. కానీ కోడ్‌తో పాటు వాడు మొదటి నెలలో ప్రయత్నంగా పెట్టిన పాత డేటాబేసు కూడా పైకి వెళ్లింది, పోయినదాని స్థానంలో అది వచ్చి కూర్చుంది, పేర్లతో, గడులతో, నిండుగా, నిబ్బరంగా, అబద్ధంగా. ఆ పాత వివరాల్లో గురువారం పొద్దున్న కిటికీ పక్క కుర్చీ ఖాళీ, ఎందుకంటే అప్పట్లో చెల్లెలిది ఇంకో రోజు, ఇంకో కుర్చీ. ఖాళీ కనిపించింది గనక ఒక టైలరు అందులో తన పేరు రాసుకున్నాడు. గురువారం ఇద్దరూ వచ్చారు. చెల్లెలు అప్పటికే కూర్చుంది, సూదులు ఇంకా పెట్టలేదు, టైలరు చేతిసంచీతో ఎదురుగా నిలబడ్డాడు, పాదాలు చెప్పుల్లోంచి పొంగి ఉన్నాయి, ఫోన్లో తన పేరు చూపిస్తున్నాడు, అమ్మా, ఇది నాది అని రాసుందండీ. అది నిజంగానే రాసి ఉంది. చెల్లెలు లేచింది. నాకు రేపైనా పర్వాలేదు బాబూ, మీరు కూర్చోండి. మర్నాడు సాయంత్రానికి ఆమె మాట మధ్యలో ఊపిరి కోసం ఆగడం మొదలుపెట్టింది, ఊపిరితిత్తుల్లోకి నీరు, అంబులెన్సు, తలుపుల మీద తలుపులు. ఆవిడ మెట్లు దిగుతూ, ఆ మోతలో, ఒకే వాక్యం అనుకుంది, పైకి అనలేదు, కానీ ఆ వాక్యం ఇప్పటికీ అలాగే నిలబడి ఉంది: ఎవరో ఒక మంచి మనిషి లేచి నిలబడితేగాని నడవని వ్యవస్థను వ్యవస్థ అనరు.

నాలుగో కుర్చీ యంత్రం పాట మారింది. నర్సు చూసింది. ఏమీ లేదు.

చెల్లెలు బతికి వచ్చింది. వచ్చిన వారం రోజులకు పిల్లవాడు కొత్త ప్రతిపాదన పట్టుకొచ్చాడు, క్షమించు అనలేదు, బొమ్మలు వేసుకొచ్చాడు, బాణపు గుర్తులు, మేఘాలు, పెట్టెలు. పేజీని చూసేవాళ్ల ఫోన్లోనే అల్లే ఫ్రేమ్‌వర్క్, వేరుగా సమాచారం పంపే సేవ ఒకటి, గుర్తింపుకు ఒకటి, డేటాకు మూడు చోట్ల మూడు ప్రతులు, అడిగినప్పుడు మాత్రమే మేలుకునే చిన్న చిన్న ముక్కలుగా కోడంతా. ఆవిడ కళ్లజోడు సవరించుకుని చూసింది, అన్నీ మంచివే, ఒక్కటీ తప్పు కాదు, అదే విసుగు. "రేపు వెయ్యిమంది ఒకేసారి వస్తే, పెద్దమ్మా?" అన్నాడు. "ఎక్కడికొస్తార్రా వెయ్యిమంది? ఉన్నవి ఎనిమిది కుర్చీలు." "రేపు ఇంకో ఆసుపత్రి అడిగితే?" "ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం." వాడు అలిగాడు. కానీ ఆవిడ ఎగతాళితో ఆగలేదు, ఎగతాళి వాదన కాదని ఆవిడకు తెలుసు, ఆ హాల్లోనే ఒక పూట కూర్చుని ఎవరెవరి చేతుల్లో ఏ ఫోన్లున్నాయో చూసింది. అద్దాలు పగిలినవి, కొడుకులు వాడి పారేసినవి, నిండిపోయి కొత్త ఫొటో పట్టనివి. వాడు చెప్పిన ఫ్రేమ్‌వర్క్ ముందు తన సామానంతా ఆ ఫోన్లోకి దింపుకుని, ఆ తర్వాత పేజీ అల్లుతుంది, అంతసేపూ తెల్ల తెర. తెల్ల తెర ముందు, ఒక చెయ్యి సూదులకు అప్పగించినవాడు రెండో చేతి బొటనవేలితో ఏం చేస్తాడు? ఇంకొకటి ఉంది, మరీ చిన్న ఫ్రేమ్‌వర్క్, చేతిలో పట్టేంత, ముద్దొచ్చేది, కానీ లాగిన్ దగ్గరనుంచీ ప్రతిదీ మనమే తెచ్చి తగిలించాలి, తగిలించిన ప్రతిదానికీ మనమే జవాబుదారీ, ఖాళీ ఇల్లు చవగ్గా వచ్చిందని తలుపులూ గొళ్లేలూ తర్వాత కొనుక్కున్నట్టు. మూడోది పాతది. సభల్లో ఎవరూ దాని గురించి మాట్లాడరు. లాగిన్, ఫారాలు, డేటాబేసుతో మాట్లాడే పద్ధతి, నర్సు కూర్చుని పేర్లు సరిదిద్దుకునే తెర, అన్నీ ఒకే మూటలో వస్తాయి, పేజీని సర్వర్ దగ్గరే వండి ఫోనుకు వడ్డిస్తుంది. ఒక కుర్చీకి ఒక పూట ఒకే పేరు అన్న నియమాన్ని డేటాబేసులోనే బిగించవచ్చు, ఇద్దరు రాసుకోబోతే రెండోవాళ్లను అక్కడే ఆపుతుంది, మర్యాదగా, ముందుగా, ఇంట్లో ఉండగానే. విసుగుపుట్టించే ఫ్రేమ్‌వర్క్ అన్నాడు పిల్లవాడు. విసుగే కావాలి నాయనా, ఇది నాటకం కాదు, అంది ఆవిడ.

హోస్టింగు దగ్గర మాత్రం ఆవిడ తనతో తానే పోట్లాడింది, ఆ పోరు సంగతి పిల్లవాడికి తెలియదు. ఆవిడ మనసంతా ఒక చిన్న అద్దె యంత్రం మీద ఉంది, బోసిది, నిర్వహణ అంతా మనదే అయినది, అందులో ఏది ఎక్కడుందో చీకట్లో తడిమి చెప్పగలదు, తాళాలు తానే బిగిస్తుంది, మరమ్మతులు తానే చేస్తుంది, మీట తన చేతిలో ఉంటుంది. ఎంత హాయి. నాలుగు రోజులు ఆ హాయిలోనే ఉండి, ఐదో రోజు పళ్లు తోముకుంటూ, నేను మంచాన పడితే, అనుకుంది. తాను తప్ప ఎవరూ బాగుచేయలేని యంత్రం కూడా ఎవరో ఒకరి మంచితనం మీద నడిచేదే, ఈసారి ఆ మనిషి తాను, అంతే తేడా. అద్దంలో నోటినిండా నురగతో తన మొహం చూసుకుని ఒప్పుకుంది. ఒప్పుకోవడం కష్టమే అయింది, కానీ లెక్క తేలాక దాంతో వాదించడం ఆవిడ ఎరగదు. అందుకని మధ్యరకం ఎంచుకుంది: కోడ్ అప్పగిస్తే నడిపే బాధ్యత, మరమ్మతుల బాధ్యత వాళ్లదే అయిన హోస్టింగు, పెద్దది కాదు, పేజీ ఎన్నిసార్లు మళ్లీ మొదలైనా తుడుచుకుపోని డిస్కు విడిగా తగిలించి ఇచ్చేది, నెలకింతని సంతోషంగా పుచ్చుకునేది. ఆ డిస్కుకు రోజూ ఒక నకలు, ఆ నకలు ఇంకో కంపెనీ దగ్గర, ఎందుకంటే ఇల్లు తగలబడితే బీరువాలో దాచిన తాళంచెవీ కాలుతుంది. డేటాబేసు కోడ్‌తో కలిసి ప్రయాణం చెయ్యదు, చెయ్యడానికి వీల్లేకుండా అడ్డుకట్ట వేసింది. ఖాతా ఇద్దరి పేర్లమీదా, తనదీ పిల్లవాడిదీ. ఇల్లు అలకగానే పండగ కాదు గనక ఇక మిగిలినది ఆర్పి వెలిగించడం, ఆ మీట మాత్రం తాను నొక్కకూడదని ముందే అనుకుంది. వాడు నొక్కాలి.

ఫోన్ మోగింది. వాడే, ఆఫీసు మెట్ల మీద నిలబడినట్టున్నాడు, వెనక ఎవరో దిగుతున్న చప్పుడు.

"పెద్దమ్మా, ఇవాళ వద్దులే. ఇంకొంచెం టెస్ట్ చేద్దాం. ఆ రెండో ప్రతి ఒకటి పెట్టుకుని..."

"టెస్టే చేద్దామంటున్నా. రీస్టార్ట్ నొక్కు."

"నిన్నటినుంచీ అందరూ పేర్లు రాసుకున్నారు కదా. అవన్నీ నిజమైనవి."

"నిజమైనవి గనకే."

అటునుంచి ఊపిరి మాత్రం వినిపించింది. ఆ ఊపిరిలో ఆవిడకు, ఎప్పుడో అర్థం కావలసినది, ఇప్పుడు అర్థమైంది. ఇన్ని మేఘాలు, ఇన్ని పెట్టెలు, మూడు చోట్ల మూడు ప్రతులు, పొగరు కాదవి, పిల్లవాడు భయంతో కప్పుకున్న దుప్పట్లు. మొన్న వాడే నోరుజారి అన్నాడు, ఆఫీసులో డిప్లాయ్ పని ఈమధ్య పక్కవాడికి ఇచ్చేస్తున్నాను పెద్దమ్మా, నాకు టైం ఉండట్లేదు అని. టైం కాదు. వాడి వేలు ఆ గురువారం దగ్గరే ఆగిపోయింది. ఒక రంగు మార్చినందుకు తల్లి కుర్చీలోంచి లేచింది, వాడు ఆ సంగతి ఎవరితోనూ అనలేదు, ఎవరూ వాడితో అనలేదు, ఇంట్లో అందరూ మెడ దగ్గర ఆపుకున్నారు. ఆవిడకు కోపం వచ్చింది, వాడి మీద కాదు, ఆ ఇంటి విద్య మీద, అది మగపిల్లవాడి దాకా కూడా పాకినందుకు. ఓదార్చడం ఆవిడకు చేతకాదు. చేతకానిదాన్ని చెయ్యబోలేదు. లేచి కిటికీ పక్కకు వెళ్లి ఫోను చెల్లెలి చెవి దగ్గర పెట్టింది.

"ఏరా?" అంది చెల్లెలు. "ఏం చెయ్యమంటోంది మీ పెద్దమ్మ?"

స్పీకరులోంచి సన్నగా వినిపించింది. "అన్నీ ఆపెయ్యమంటోందమ్మా."

"మరి ఆపు."

"పోతే?"

"పోతే ఇక్కడే ఉన్నాగా, మళ్లీ రాయించుకుంటా. నీ మొహం, ఆ రంగు కూడా మారిస్తే మార్చు. ఆకుపచ్చే బాగుండేది." ఊపిరి తీసుకుంది, ఆగడానికి కాదు, మామూలుగా. "నొక్కు నాన్నా."

హెడ్ నర్సు కేబులు తగిలించి తెర వెలిగించింది, ఆవిడ వద్దనలేదు, చూడవలసినవాళ్లు చూడాలి. తెరమీద గడులు, పేర్లు, ఎనిమిది కుర్చీలు, ఇవాళ్టివి, రేపటివి, ఎల్లుండివి. తర్వాత ఏమీ లేదు. తెల్లగా. లెక్కల మాస్టారు కళ్లు తెరిచాడు. ఎవరి భార్యో ఫోను ఎత్తి చూసుకుని, నాదీ పోయిందండీ అంది. హెడ్ నర్సు ఆవిడ వైపు చూసిన చూపులో ఆ పెద్దాఫీసరి పూలగుత్తి మొత్తం ఉంది, ఆవిడ ఆ చూపును తీసుకుంది, పక్కన పెట్టింది, యంత్రం తిరుగుతోంది, ఎరుపు పోతోంది, ఎరుపు వస్తోంది, డిస్కు తగిలించింది నేనే, తుడుచుకుపోని చోటని రాసి ఉన్నది చదివింది నేనే, రాసిన మాటను నమ్మక రెండుసార్లు ఇంట్లో ఆపి చూసిందీ నేనే, ఇది మూడోసారి, వస్తుంది, రాకపోతే ఎందుకు రాలేదో తెలుస్తుంది, తెలియకుండా నడవడం కన్నా తెలిసి ఆగడం మేలు, వస్తుంది.

వచ్చింది. మొదట గడులు, వాటిలో పేర్లు, ఒక్కొక్కటీ దాని దాని చోట. కిటికీ పక్క కుర్చీ, గురువారం పొద్దున్న, చెల్లెలి పేరు. మీట ఇంకా నారింజే.

"ఉందా?" స్పీకరులో వాడి గొంతు. "అమ్మది ఉందా?"

"అందరివీ ఉన్నాయి," అంది ఆవిడ. "వచ్చే వారం ఇంకోసారి ఆపాలి. ఆ తర్వాత ప్రతినెలా. నువ్వే."

వాడు సరే అనలేదు, ముక్కు ఎగబీల్చాడు, ఆవిడ దాన్ని సరే కింద తీసుకుంది. హెడ్ నర్సు తెర ముందు నిలబడి రెండో షిఫ్టు పేర్లు పైకి చదువుకుంటూ, "మీరు మనిషి కాదమ్మా," అంది, అందులో తిట్టు ఎంతో మెప్పు ఎంతో తేల్చకుండానే వెళ్లి నాలుగో కుర్చీ సూదులు తీసింది.

అప్పుడే తలుపు తెరుచుకుంది. టైలరు, అదే చేతిసంచీ, అవే చెప్పులు, ముందుగానే వచ్చాడు. తలుపు చప్పుడుకి చెల్లెలి భుజాలు ముందుకు వచ్చాయి, ఖాళీ చెయ్యి కుర్చీ పిడిమీద నొక్కుకుంది. ఆవిడ చూసింది, చూసి పిలవలేదు. టైలరు గుమ్మంలోనే ఆగి, తల ఎత్తి, పెదవులు కదుపుతూ తెర చదివాడు. తన పేరు దగ్గర ఆగాడు. ఇంకెవరి వైపూ చూడకుండా, ఎవరినీ ఏమీ అడగకుండా, కొత్త దుప్పటి పరుస్తున్న నాలుగో కుర్చీ దగ్గరికి నడిచి వెళ్లి, సంచీ కింద పెట్టి, తన ఇంట్లో కూర్చున్నట్టు కూర్చున్నాడు. కిటికీ పక్కన చెల్లెలి చెయ్యి పిడిమీద ఇంకాసేపు ఉంది. తర్వాత వదులై, దుప్పటి కిందికి పోయింది.